గ్రాంటు దరఖాస్తు రాయడం: ఊరి అవసరం నుంచి వినియోగ ధ్రువపత్రం దాకా

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోని చిన్న స్వచ్ఛంద సంస్థలు, మహిళా సమాఖ్యలు, మత్స్యకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు రాసుకున్న గ్రాంటు దరఖాస్తులను చాలా ఏళ్లుగా చదువుతున్నాను, దిద్దుతున్నాను, కొన్నింటిని దగ్గర కూర్చుని రాయించాను. వాటిలో పని చేతకాక తిరిగొచ్చినవి తక్కువ, రాత కుదరక తిరిగొచ్చినవే ఎక్కువ. ఊళ్లో పదేళ్లుగా నిజాయితీగా పనిచేస్తున్నవారు సైతం కాగితం ముందు కూర్చోగానే అర్జీ భాషలోకి జారిపోతారు. "మా ప్రాంతం మిక్కిలి వెనుకబడినది, ప్రజలు నిరుపేదలు, కావున తమరు దయతో" అని మొదలుపెడతారు. అర్జీ దయను కోరుతుంది. గ్రాంటు దరఖాస్తు మాత్రం ఇంత డబ్బు ఇస్తే ఫలానా ఊళ్లో, ఫలానా వారికి, ఇన్ని నెలల్లో ఈ మార్పు తెస్తామని మాట ఇస్తుంది, ఆ మాటకు లెక్క చూపుతుంది. ఈ తేడా మనసుకు పట్టాక మిగతా అడుగులన్నీ తేలికవుతాయి.

విషయం గాలిలో ఉండకుండా ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకువెళ్తాను. కనిగిరి, పొదిలి వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి తెలిసిందే. ఆ వైపు ఒక ఊరి బడిలో 120 మంది పిల్లలకు తాగడానికి వాననీటి ట్యాంకు కట్టాలన్నది మన ప్రతిపాదన అనుకుందాం. ఇందులోని అంకెలు పద్ధతి చూపడానికి వేసినవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోవాలి.

ముందుగా కాగితాలు

ప్రకటన చూశాక కాగితాలు వెతకడం మొదలుపెడితే గడువు కాగితాలకే సరిపోతుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం (మన రాష్ట్రంలో 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద వచ్చేది), నియమావళి, ప్రస్తుత కార్యవర్గం జాబితా, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను రాయితీ) అని అందరూ పిలిచే నమోదులు, స్వచ్ఛంద సంస్థల నమోదుకు నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో వచ్చే గుర్తింపు సంఖ్య: ఇవన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డరులో సిద్ధంగా ఉంచుకోవాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే సీఎస్ఆర్ నిధులు కోరేవారికి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు కూడా కావాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. కంపెనీ తాను నెలకొల్పని సంస్థకు ఆ పని అప్పగించాలంటే, ఆ సంస్థకు అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్నది నిబంధన. విదేశీ నిధుల దారి మరీ ఇరుకైనది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేకుండా, లేదా ముందస్తు అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. కొత్త సంస్థలు దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు), ప్రభుత్వ శాఖలు, దగ్గరలోని పరిశ్రమల నిధుల వైపు చూడడం మేలని నా అభిప్రాయం. నాబార్డుకు జిల్లాల్లో జిల్లా అభివృద్ధి మేనేజర్ ఉంటారు. రాయడానికి ముందే ఆయన్ను ఒకసారి కలిసి, ఈ ఏడాది ఏ పనులకు నిధులున్నాయో అడిగి తెలుసుకోవచ్చు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. రిజిస్ట్రేషన్ పత్రంలో, పాన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మాకు ఒకసారి గ్రాంటు మంజూరయ్యాక, పాన్ కార్డులో "గ్రామీణ" అన్న మాటకు ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువ పడిందని తేలి, దాన్ని సరిచేయించే లోపల మూడు నెలలు గడిచాయి. ఆ మూడు నెలల్లో వానలు వచ్చి వెళ్లిపోయాయి. ఏడాది పని వాయిదా పడింది.

ప్రకటనను చదవడం

ప్రకటనను మొదటిసారి ఊరికే చదవాలి, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదవాలి. ఎవరు అర్హులు, ఎంత వరకు ఇస్తారు, ఎన్ని నెలలకు ఇస్తారు, దేనికి ఇవ్వరు అన్న నాలుగింటి కింద గీత గీయాలి. "దేనికి ఇవ్వరు" అన్నది చాలామంది వదిలేసే వాక్యం. భవన నిర్మాణానికి ఇవ్వమని రాసి ఉంటే ట్యాంకు కూడా ఆ కోవలోకి వస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఊహించుకుని రాయకూడదు. ఆ తరువాత వారు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద వరుసగా ఎత్తిరాసుకుని, మన దరఖాస్తులో శీర్షికలు అదే వరుసలో, వీలైతే అవే మాటల్లో పెట్టుకోవాలి. చదివేవారి ముందు మార్కుల పట్టిక ఉంటుంది. వారు వెతికే జవాబు వారు వెతికే చోటే కనిపించాలి.

నేను రాసిన తొలి దరఖాస్తు 22 పేజీలు. అందులో 14 పేజీలు మా సంస్థ చరిత్రకు, అందుకున్న సన్మానాలకు, అతిథుల ఫొటోలకు పోయాయి. ఊరి పేరు పదిహేనో పేజీలో గానీ రాలేదు. అది తిరిగొచ్చాక మళ్లీ చదువుకుంటే, మేము ఎవరి కోసం డబ్బు అడిగామో వారు అందులో లేరని అర్థమై చాలా బాధ కలిగింది. సంస్థ గురించి ఒక పేజీ చాలు: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ పనిచేస్తోంది, ఇలాంటి పని ఇంతకుముందు ఏది చేసింది, గత మూడేళ్లలో ఏడాదికి ఎంత ఖర్చు పెట్టింది.

ఊరికి వెళ్లి లెక్క తేవడం

దరఖాస్తులో బలమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీనికి కనీసం వారం రోజులు కేటాయించాలి. మన ఉదాహరణలో మొదటి పని నీటి పరీక్ష. బడి బోరు నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తేదీతో నివేదిక తీసుకోవాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఇది దాటిన నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క వాక్యం దరఖాస్తులో ఉంటే, "కాచి తాగమని చెప్పవచ్చు కదా" అన్న ప్రశ్న రాదు.

రెండో పని, ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా బడి బోరు దగ్గర నోట్‌బుక్‌తో కూర్చోవడం. ఎవరు ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటున్నారు, ఎవరు దోసిలి పట్టి తాగుతున్నారు, ఇంటి సీసాలో ఉన్నది ఏ నీరు, మధ్యాహ్న భోజనం వండే ఆయా ఏ నీరు వాడుతోంది: ఇవన్నీ అక్కడ కూర్చుంటేనే తెలుస్తాయి. ఒక బడిలో నేను అలా కూర్చున్నప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతె సీసాను సగమే నింపుకుంటోంది. ఎందుకమ్మా అని అడిగితే, నీళ్లు చప్పగా ఉంటాయి, తాగబుద్ధి కాదని చెప్పింది. పిల్లలు నీళ్లు తక్కువగా తాగుతున్నారన్న సంగతి ఏ రిజిస్టరులోనూ దొరకదు. దరఖాస్తులో అది రెండు వాక్యాలైంది, చదివినవారు గుర్తుపెట్టుకున్నవి కూడా ఆ రెండు వాక్యాలే.

మూడోది ఊరివారితో మాట్లాడడం, ముఖ్యంగా ఆడవారితో. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా వ్యతిరేక పోరాటం రాత్రిబడి అక్షరాస్యత తరగతుల్లోంచి లేచింది. ఊరికి ఏది ముందు కావాలో ఊరి ఆడవారే తేల్చుకోగలరని చెప్పడానికి మన ప్రాంతంలో అంతకంటే పెద్ద నిదర్శనం అక్కర్లేదు. పొదుపు సంఘం సమావేశానికి వెళ్లి ట్యాంకు మాట కదిపితే, ఎండాకాలం నీళ్లు అయిపోతే ఎవరు చూస్తారు, పక్క వీధివాళ్లు వచ్చి పట్టుకుపోతే ఏం చేయాలి అని వారే అడుగుతారు. ఆ ప్రశ్నలు, వారు చెప్పిన పరిష్కారాలు తేదీతో, సంతకాలతో, వేలిముద్రలతో తీర్మానాల పుస్తకంలో రాయించి, ఆ పేజీ నకలు దరఖాస్తుకు జత చేయాలి.

ఫొటోల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ వల్ల వచ్చిన పిల్లల గారపళ్లను ముఖంతో సహా ఫొటో తీసి దరఖాస్తుకు అంటించడం తప్పు. బాధను అమ్ముకున్నట్టవుతుంది. బోరు, తుప్పు పట్టిన పంపు, ట్యాంకు కట్టే జాగా, బడి కప్పు ఫొటోలు తల్లిదండ్రుల సమ్మతి అక్కర్లేనివి, పరిశీలకులకు నిజంగా పనికొచ్చేవి కూడా అవే.

సమస్యను రాయడం

తెచ్చిన లెక్కను ఇప్పుడు వాక్యాల్లో పెట్టాలి. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "మా మండలంలో తాగునీటి సమస్య తీవ్రరూపం దాల్చింది, ఫ్లోరైడ్ రక్కసి ప్రజల జీవితాలను కబళిస్తోంది." ఇది ఏ మండలానికైనా సరిపోతుంది కాబట్టి మన ఊరికి పనికిరాదు. ఇలా రాయాలి: "బడి ఆవరణలోని బోరు నీటిలో లీటరుకు 3.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నట్టు జనవరిలో చేసిన పరీక్షలో తేలింది (నివేదిక జతపరిచాం). 120 మంది పిల్లల్లో 71 మంది ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటున్నారు, అందులోనూ ఊరి బోరు నీరే ఉంటోంది. మిగతా 49 మంది బడి బోరు నీటినే తాగుతున్నారు. వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు నీరు వంటకే సరిపోతోంది." నాలుగే వాక్యాలు, అందులో ఒక్క విశేషణం కూడా లేదు. చదివినవారికి ఊరు కళ్లకు కడుతుంది.

పరిష్కారానికీ ఇలాగే లెక్క చూపాలి. బడి కప్పు 150 చదరపు మీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుందని తక్కువగా అంచనా వేసి, అందులో అయిదో వంతు వృథా అవుతుందని తీసేసినా, 150 × 0.6 × 0.8 అంటే 72 ఘనపు మీటర్లు, 72,000 లీటర్లు వస్తాయి. పిల్లకు రోజుకు రెండు లీటర్ల చొప్పున 120 మందికి 220 పనిదినాలకు 52,800 లీటర్లు చాలు. మన వైపు వానల్లో పెద్ద వాటా అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది కాబట్టి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా సుమారు 80 పనిదినాలకు 19,200 లీటర్లు నిల్వ ఉండాలి. అందుకే 25,000 లీటర్ల ట్యాంకు అడుగుతున్నాం. ట్యాంకు పరిమాణం ఎందుకింత అన్నదానికి దరఖాస్తులోనే జవాబు ఉంటే, అడిగేవారికి మన మీద నమ్మకం కుదురుతుంది.

లక్ష్యం, పనులు, నెలలు

"పిల్లల ఆరోగ్యం మెరుగుపరచడం" ఆశయం మాత్రమే. "పని మొదలైన పది నెలలకు 120 మంది పిల్లలూ బడి వేళల్లో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉన్న నీటినే తాగుతారు" అన్నది లక్ష్యం, ఎందుకంటే అది జరిగిందో లేదో పరీక్ష చేసి చెప్పవచ్చు. ట్యాంకు కట్టడం పని కిందికి వస్తుంది, పిల్లలు మంచినీళ్లు తాగడం ఫలితం. వీటన్నిటినీ కలగాపులగం చేసిన దరఖాస్తులు నేను చూసినవాటిలో సగానికి పైగా ఉంటాయి.

నెలల పట్టిక వేసేటప్పుడు ఊరి కాలెండరును ముందు పెట్టుకోవాలి. మన ట్యాంకు సెప్టెంబరు ఆఖరుకు పూర్తి కాకపోతే ఆ ఏడాది వాన చేజారిపోతుంది. తీరప్రాంతాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి, మత్స్యకారులకు శిక్షణ తరగతులు పెట్టాలంటే ఆ రోజులే అనువైనవి. పొగాకు ఊళ్లలో ఆకు కొట్టుడు, గ్రేడింగు నడిచే నెలల్లో ఆడవారిని సమావేశాలకు రమ్మంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని రావాలి. నెల్లూరు వైపు ఎడగారు వరి నాట్లప్పుడూ అంతే. ఈ సంగతులను పట్టిక కింద రెండు వాక్యాల్లో రాస్తే, రాసినవారికి ఊరు తెలుసని చదివినవారు గ్రహిస్తారు.

బడ్జెట్

అనుభవమున్న పరిశీలకులు చాలామంది ముందుగా తెరిచేది ఈ పేజీనే. ప్రతి పద్దులోనూ సంఖ్య, ధర, మొత్తం విడివిడిగా కనబడాలి. "పైపులు, ఇతర సామగ్రి 50,000" అని రాస్తే అనుమానానికి తలుపు తెరిచినట్టే. మన ట్యాంకుకు పద్దులు ఇలా పడతాయి:

25,000 లీటర్ల సిమెంటు ట్యాంకు, కొటేషను ప్రకారం: 1,90,000
కప్పు అంచు తూములు, పీవీసీ పైపు 60 మీటర్లు × 250: 15,000
వడపోత, తొలివాన నీటిని బయటికి వదిలే ఏర్పాటు: 18,000
కుళాయిలు, కాలువ, చప్టా: 12,000
బిగింపు పని, 2 మేస్త్రీలు × 10 రోజులు × 900: 18,000
నీటి పరీక్షలు 8 × 500: 4,000
క్షేత్ర కార్యకర్త సగం జీతం 10 నెలలు × 7,000: 70,000
ప్రయాణాలు 10 నెలలు × 1,500: 15,000
తల్లిదండ్రుల, పిల్లల సమావేశాలు 4 × 2,000: 8,000
ఆడిట్: 10,000
మొత్తం: 3,60,000

పెద్ద పద్దుకు మూడు కొటేషన్లు జత చేయాలి. కనిగిరిలో ఒకటి, ఒంగోలులో ఒకటి తెచ్చుకుంటే ధరలో తేడా కూడా తెలుస్తుంది. జీతం పద్దును దాచకూడదు. చాలామంది మొహమాటపడి జీతం అడగరు, తరువాత సిమెంటు పద్దులోంచి జీతం ఇస్తారు, ఆడిట్‌లో దొరికిపోతారు. పని చేసే మనిషికి జీతం కావాలని నిజాయితీగా రాయడంలో తప్పేమీ లేదు. సంస్థ నిర్వహణ ఖర్చుకు, అంటే ఆఫీసు, పాలన ఖర్చులకు, నిధులిచ్చేవారిలో ఎవరి హద్దులు వారికుంటాయి. విదేశీ నిధుల్లో 2020 సవరణ తరువాత అది 20 శాతానికి మించకూడదు. సీఎస్ఆర్ నిబంధనల్లో కనిపించే 5 శాతం మాత్రం కంపెనీ తన సొంత నిర్వహణ ఖర్చుకు పాటించవలసిన హద్దు. అది మన కార్యకర్త జీతానికి వర్తిస్తుందని పొరబడి ఆ పద్దును కొట్టేసుకున్న సంస్థలున్నాయి.

ఊరివారి వాటాను వేరే వరుసలో చూపాలి. పునాది తవ్వకానికి శ్రమదానం, ఇసుక తోలడానికి ఒక రైతు ఇచ్చే ట్రాక్టరు, ఇవన్నీ రూపాయల్లో లెక్కకట్టి రాస్తే ఊరు ఈ పనిని తనదనుకుంటోందని తెలుస్తుంది.

పరిశీలకులు తప్పక అడిగే ప్రశ్నకు జవాబు కూడా బడ్జెట్ పక్కనే ఉండాలి. క్యాన్ల నీళ్లు కొంటే సరిపోదా? ఊరికి చేర్చి 20 లీటర్ల క్యాను 20 రూపాయలు పడితే లీటరు రూపాయి. ఏడాదికి 52,800 రూపాయలు ప్రతి ఏటా కావాలి. ట్యాంకు కట్టి బిగించడానికి అయ్యేది 2,53,000. అంటే అయిదేళ్లలోపే ఖర్చు తిరిగొస్తుంది, ట్యాంకు ఆ తరువాత కూడా నిలుస్తుంది. మీ ఊరి ధరలతో లెక్కవేస్తే క్యాన్లే చవక అని తేలవచ్చు. అలా తేలితే ప్రతిపాదనను మార్చుకోవాలి, లెక్కను మార్చకూడదు.

కూడికలను ఇద్దరు వేరువేరుగా చూడాలి. మా దరఖాస్తు ఒకదానిలో సారాంశంలో 6,40,000 అని, పట్టికలో 6,04,000 అని పడింది. వేళ్లు జారి రెండు అంకెలు తారుమారయ్యాయి. దాని మీద వివరణ అడగకుండానే పక్కన పెట్టేశారు. వారిని తప్పుపట్టలేను. తన మొత్తమే తనకు తెలియని సంస్థకు డబ్బు ఎలా ఇస్తారు?

డబ్బు అయిపోయాక ఏమిటి

మన ప్రాంతంలో మూతపడిన నీటి ప్లాంట్లు ఎన్నో ఉన్నాయి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, ఫిల్టరు ఎవరు మార్చాలో మొదట్లోనే తేల్చుకోకపోవడమే చాలాచోట్ల కారణం. కాబట్టి ట్యాంకును ఏడాదికి రెండుసార్లు ఎవరు కడుగుతారు, క్లోరిన్ ఎవరు వేస్తారు, కుళాయి విరిగితే ఎవరి డబ్బుతో బాగుచేస్తారు అన్నవాటికి పేర్లతో, హోదాలతో జవాబు రాయాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడులకు తల్లిదండ్రులు ఎక్కువమంది ఉండే యాజమాన్య కమిటీ ఉంటుంది. ఆ కమిటీ తీర్మానం ఒకటి, పంచాయతీ తీర్మానం ఒకటి జత చేస్తే ఈ భాగం గట్టిపడుతుంది. "సుస్థిరత సాధిస్తాం" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకూడదు.

భాష, సారాంశం

దరఖాస్తు ఇంగ్లిషులో అడిగినా ముందు తెలుగులో రాసుకోవాలని నా సలహా. ఊరి మాటల్లో ఆలోచన స్పష్టంగా నిలిచాక ఇంగ్లిషులోకి మార్చడం తేలిక. మొదటే ఇంగ్లిషులో రాయబోతే వేరే దరఖాస్తుల నుంచి వాక్యాలు ఎత్తుకొస్తాం. అయితే మన కొలతలను మార్చి రాయాలి. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోల ధాన్యమని మనకు తెలుసు గానీ, ముంబైలో చదివేవారికి తెలియదు. అంకణాలను చదరపు అడుగుల్లోకి, ఎకరాలను వారు అడిగితే హెక్టార్లలోకి మార్చాలి. మొదటి పేజీలో ఉండే సారాంశాన్ని అన్నీ పూర్తయ్యాక చివర్లో రాయాలి.

పూర్తయిన దరఖాస్తును ఈ పనితో సంబంధం లేని ఒకరికి, వీలైతే మీ ఊరి టీచరుకో, బ్యాంకు ఉద్యోగికో ఇచ్చి చదవమనాలి. చదివాక వారిని మూడే అడగాలి: ఎవరికి, ఎంత, ఏం మారుతుంది. ఏ ఒక్కదానికైనా వారు తడబడితే ఆ భాగం తిరిగి రాయాలి.

పంపడం, ఆ తరువాత

ఆన్‌లైన్ దరఖాస్తును గడువుకు రెండు రోజుల ముందే పంపాలి. ఓటీపీ సంతకందారు ఫోనుకు వస్తుంది, ఆ రోజు ఆయన పెళ్లికి వెళ్లి ఫోను ఎత్తకపోతే పని ఆగిపోతుంది. ఫైళ్ల పరిమాణం హద్దు దాటితే అప్‌లోడ్ కాదు. పంపాక వచ్చిన రసీదు సంఖ్యను, పంపిన ప్రతిని అచ్చు తీసి ఫైలులో పెట్టాలి.

మంజూరైతే ఒప్పంద పత్రాన్ని సంతకానికి ముందే మొత్తం చదవాలి. ఏ పద్దు నుంచి ఏ పద్దుకు ఎంత వరకు మార్చుకోవచ్చో, నివేదికలు ఏ తేదీలకు ఇవ్వాలో ఎత్తిరాసి గోడకు అంటించుకోవాలి. మొదటి రూపాయి ఖర్చు నుంచే బిల్లులకు వరుస సంఖ్య వేయాలి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు అయితే 2017 సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం నిర్ణీత నమూనాలో వినియోగ ధ్రువపత్రం, అంటే ఇచ్చిన డబ్బును ఇచ్చిన పనికే ఖర్చు పెట్టామని తెలిపే పత్రం ఇవ్వాలి, అది అందకపోతే తరువాతి విడత ఆగుతుంది.

తిరస్కరిస్తే పది రోజులు ఆగి, కారణం తెలుపమని మర్యాదగా ఒక ఉత్తరం రాయాలి. అందరూ చెప్పరు, కానీ చెప్పినవారి జవాబు చాలా విలువైనది. పైన చెప్పిన 22 పేజీల దరఖాస్తుకు మాకు జవాబు వచ్చింది. ఊరి పేరును మొదటి పేజీలోకి తెచ్చి, సంస్థ చరిత్రను ఒక పేజీకి కుదించి, 9 పేజీలతో మరుసటి ఏడాది అదే చోటికి పంపాం. ఈసారి వారు ఊరు చూడడానికి వస్తామని ఫోను చేశారు. మేము చేసిన మొదటి పని, బడి హెడ్‌మాస్టరుకు, పొదుపు సంఘం అధ్యక్షురాలికి ఆ 9 పేజీలు చదివి వినిపించడం.